సీటు కింద జగ్గయ్యగారు

భిలాయి, సెక్టర్ 6

భాగ్యరేఖ దీదీకి,

విజయనగరంలో అందరూ బాగున్నారని అనుకుంటున్నా. నేను బాగున్నానో లేదో ఈ కవరు ఆఖరికి నీకే తెలుస్తుంది.

ఇది నీకొక్కదానికే. నాన్న నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకుంటాడు కదా. అప్పుడు నేను ఆయన సైకిల్ తీసుకుని నందిని వైపు పోతున్నా. అక్కడ సున్నపురాయి తవ్వేసి వదిలేసిన ఖదాన్ ఉంది, అంటే క్వారీ. లారీలు మానేసిన కంకర దారి. బస్సు లేదు, స్కూటర్ లేదు, ఏయ్ అనే మనిషి లేడు. అమ్మకి మాత్రం మధులత ఇంట్లో కంబైన్డ్ స్టడీ అని చెప్పా. దొరికితే సైకిల్‌కి తాళం, నాకు జైలు.

దసరా సెలవుల్లో సీటు కింద నాన్న రాసిన చీటీ దొరికింది. భయమేసి జగ్గయ్య అనే పేరుతో జవాబు రాసేశా. నాకు తెలుగు రాయడం నువ్వు నేర్పావని నాన్నకి తెలీదు. ఆ తర్వాత ఏమైందో నాకు చెప్పడం రావట్లేదు, అన్నీ కాపీ చేసి పంపుతున్నా.

నీ రజని

తా.క. చదివి చింపెయ్. చింపకపోయినా ఇప్పుడు పెద్ద ఫరక్ లేదు.

*

మహారాజశ్రీ నా సైకిల్ ఎక్కుతున్న బాబుకి,

రోలింగ్ మిల్లు చినబాబు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. సైకిల్ సంగతే తేలాలి.

ఇన్నేళ్ళుగా నా టైర్లకి ప్లాంటు ఎర్రదుమ్మే. ఈ మధ్య తెల్లదుమ్ము. తెల్లదుమ్ము నందినిలో కాక ఇంకెక్కడుంటాది? అంటే రాత్రి నేను మిల్లులో చెమటోడుస్తుంటే, తమరు స్టాండులోంచి సైకిల్ తీసి నందిని పోయి, తెల్లారేలోగా తెచ్చి పెట్టేస్తున్నారు. ఏటి బాబూ ఇది? అడిగితే ఇవ్వనా?

తమరెవరో, ఎందుకు తీస్తున్నారో రాసి ఇదే సీటు కింద పెట్టండి. లేదంటే గొలుసు కొంటాను.

ఇట్లు,
చినబాబు

తా.క. వెనక చక్రంలో గాలి తమరే కొట్టించినట్టున్నారు. తీసుకెళ్ళే పద్ధతి బాగులేదు గానీ, తెచ్చి పెట్టే పద్ధతి బాగుంది.

*

గౌరవనీయులైన చినబాబు అన్నగారికి,

పైన అంకుల్ అని రాసి కొట్టేసింది చూడకండి.

నేను దొంగని కాను. పేరు జగ్గయ్య. వయసు చాలా ఉంది. మీసం కూడా ఉంది. డ్యూటీ ప్లాంటులో, ఇల్లు నందినిలో. మా మిసెస్‌కి బేబీ పుట్టింది. రాత్రి చూసి రావడానికి బస్సు లేదు, అందుకని మీ సైకిల్. సారీ. గొలుసు కొనకండి ప్లీజ్.

మీ సైకిల్ ఎంత మంచిదో మీకు తెలీదు. కంకర మీద పోతుంటే కరకరమని, ఎవరో ముందర అప్పడాలు పరిచినట్టు ఉంటుంది. నాకు నవ్వు ఆగదు.

మీ విధేయుడు,
జగ్గయ్య (జెంట్స్)

తా.క. మీకు పిల్లలు ఉంటే వాళ్ళని అనుమానించకండి. పాపం వాళ్ళు చదువుకుంటున్నారు.

*

తమ్ముడు జగ్గయ్యకి,

శుభం. బిడ్డ పుట్టాడా, పుట్టిందా రాయలేదు. మా ఆవిడ గౌరీదేవికి నీ సంగతి చెప్పాను. “బాలింతని వదిలేసి డ్యూటీలేటి? ఆ అబ్బాయికి బుద్ధి లేదు, నీకూ లేదు” అని నన్ను కూడా కలిపి తిట్టింది. తిట్టి, బాలింత కాయం దంచింది. శొంఠి, మిరియాలు, వెల్లుల్లి, బెల్లం. క్యారియర్‌కి కట్టాను. డబ్బా ఖాళీగా రాకపోతే ఆవిడ ఒప్పుకోదు.

బ్రేకు రబ్బర్లు అరిగిపోయాయి, కొత్తవి వేయించాను. సీటు కూడా దించాను. నువ్వు పొట్టిగా ఉంటావని ఎందుకో అనిపించింది.

మాకు ఒక్కతే కూతురు, రజని. ఇంగ్లీషు మీడియం. బల్లిని చూస్తే మంచం ఎక్కుతాది. నాతో మాట్లాడాలన్నా వాళ్ళమ్మ వెనక నిలబడి మాట్లాడతాది. ఒంటరిగా నందిని దాకా పోయే నీ గుండెలో పావు వంతు దానికి ఉంటే బాగుణ్ణు.

ఇట్లు,
చినబాబు

తా.క. నీ బిడ్డకి గౌరి స్వెటర్ మొదలెట్టింది. కొలతలు మాత్రం మా రజనికి తీస్తోంది. ఎందుకని అడిగితే, పిల్లలు ఎదుగుతారు కదా అంటోంది.

*

పూజ్యులైన అన్నగారికి,

బేబీ గర్ల్. పేరు డిసైడ్ అవలేదు.

కాయం మా మిసెస్ మొత్తం తినేసింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి, సంతోషంతో. ఆఖరి ముద్ద మేకకి చూపిస్తే అది వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయింది.

మీ అమ్మాయి గురించి నాకు తెలీదు. కానీ లోపల ధైర్యం ఉండొచ్చు కదా. బయట పెడితే ఎవరైనా తాళం వేస్తారని దాచుకుందేమో.

ఇంకొక డౌట్. పాత ఖదాన్‌లో దారి రెండు తెల్లరాతి గోడల మధ్యకి దిగిపోతుంది. గోడలు ఎంత ఎత్తంటే మీద ఆకాశం రిబ్బన్ అంత కనిపిస్తుంది. అడుగున వాగు. ఎండ పడితే నీళ్ళు ఆకుపచ్చగా మెరుస్తాయి. ఆ ఉతార్, అంటే దిగుడు, సైకిల్ మీదే దిగాలని ఉంది. కానీ అంచు దగ్గరికి రాగానే భయమేసి ప్రతిసారీ దిగిపోయి సైకిల్‌ని నడిపించుకుంటూ పోతున్నా. మేకలు కాసే ముసలమ్మ “ఏ నోనీ, గిర్ జాబే” అని అరుస్తుంది, ఓ అమ్మాయ్ పడిపోతావ్ అని. ఆవిడకి చూపు ఆనదు. అందుకే నన్ను ఆడపిల్ల అనుకుంటోంది.

ఎలా దిగాలో చెప్పండి. మీరు రోజూ సైకిల్ తొక్కుతారు, మీకు అన్నీ తెలుసు.

మీ తమ్ముడు,
జగ్గయ్య

తా.క. వదినగారిని వెల్లుల్లి కొంచెం తగ్గించమనండి. మా మిసెస్ అడిగింది.

*

తమ్ముడు జగ్గయ్యకి,

ఉతార్ అంటే ఏటంత భయం? నేను ఇలాంటివి ఎన్ని దిగలేదు. విను.

వెనక బ్రేకు ముందు పట్టు, మెల్లగా. ముందు బ్రేకు గట్టిగా నొక్కితే సైకిల్ కన్నా నువ్వే ముందు కిందికి చేరతావు. పెడళ్ళు రెండూ ఒకే ఎత్తులో పెట్టి, సీటు మీంచి కాస్త లే. చేతులు బిగించకు. కంకర హ్యాండిల్‌ని అటూ ఇటూ గుంజుతాది, గుంజనీ. దానికీ సరదా ఉండాలి కదా. చక్రం ముందున్న రాయిని చూడకు. నువ్వు పోవాల్సిన చోటు చూడు, సైకిల్ అటే పోతాది.

ఇంకొక మాట. గౌరికి నీ బిడ్డని చూడాలని ఉంది. వచ్చే ఆదివారం మేమిద్దరం నందిని వస్తున్నాం. మీ ఇంటి గుర్తులు రాయి.

ఇట్లు,
చినబాబు

తా.క. మా రజని దగ్గర ఈ మధ్య ఒకటే వెల్లుల్లి వాసన. ఏం సబ్జెక్టు చదువుతోందో అర్థం కావట్లేదు.

*

అన్నగారికి అర్జెంట్,

రాకండి. మిసెస్, బేబీ శ్రీకాకుళం వెళ్ళిపోయారు. ఇంటికి సున్నం వేస్తున్నారు. కుక్క ఉంది, కరుస్తుంది.

అన్నా, నేను దిగేశా.

అంచు దగ్గర చాలాసేపు నిలబడ్డా. మీరు చెప్పినవన్నీ పైకి అనుకున్నా, పహాడా, అదే ఎక్కాలు, చదివినట్టు. వెనక బ్రేకు, పెడళ్ళు, చేతులు వదులు. తర్వాత పాదం ఎత్తేశా. గోడలు రెండు పక్కలా పరిగెత్తాయి. కింద కంకరకి నా పళ్ళు కూడా టకటకలాడాయి. నేను అరుస్తుంటే గోడలు కూడా అరిచాయి, అది భయం అరుపు కాదు. కింద ఆగలేక వాగులోకి పోయి, మోకాళ్ళ దాకా తడిసి, అక్కడే నిలబడి నవ్వుతూనే ఉన్నా. ముసలమ్మ పైనించి చప్పట్లు కొట్టింది.

మీకే ముందు చెప్పాలనిపించింది. ఇంకెవరికీ చెప్పుకోలేను.

కానీ మీరు ఇంత మంచిగా ఉంటుంటే నాకు భయమేస్తోంది. మీకు అన్నీ అబద్ధాలు చెప్పా. ఇక మీ సైకిల్ ముట్టుకోను. సీటు పైకి లేపుకోండి.

జగ్గయ్య

తా.క. ఒక్కసారి ఇంకా దిగాలని ఉంది. ఇది చదవకండి.

*

చిరంజీవి జగ్గయ్యకి,

సీటు లేపను.

ప్లాంటు స్టాండులోంచి టోకెన్ లేకుండా సైకిల్ కాదు కదా, దాని బెల్లు కూడా బయటికి రాదు. నీ మొదటి జవాబు చదివాక గానీ ఆ సంగతి నాకు తట్టలేదు. ఇక రాత్రికి రాత్రి పోయొచ్చేవాడికి ఎండలో వాగు ఆకుపచ్చగా ఎలా మెరిసిందో, ఛత్తీస్‌గఢీ ముసలమ్మ మీసమున్నవాణ్ణి పట్టుకుని నోనీ అని ఎందుకందో, అది నువ్వే ఆలోచించుకో తల్లీ.

అడిగేస్తే మానేస్తావని అడగలేదు. నువ్వు మీ అమ్మ వెనక నిలబడకుండా నాతో మాట్లాడింది ఈ ఉత్తరాల్లోనే.

నేను కూడా ఒక అబద్ధం రాశాను. నా జన్మలో ఉతార్ దిగలేదు. రైల్వే అండర్‌బ్రిడ్జి దగ్గర కూడా సైకిల్ దిగి, చైను చూసుకుంటున్నట్టు నటిస్తూ నడిపిస్తాను. నీకు రాసిందంతా మా మిల్లులో పనిచేసే గురునాథరావుని అడిగి రాశాను. నువ్వు దిగేశావని చదివి మిల్లులో ఉన్నచోటే కూర్చుండిపోయాను. ఆయనే టీ తాగించాడు.

ఆదివారం నాకు షిఫ్ట్ లేదు. గురునాథరావు సైకిల్ అడిగి తెచ్చాను. మన సైకిల్ నీకే. ఆ అంచు దగ్గర నేను దిగి నడిస్తే నవ్వకూడదు. నడవకుండా ఎలా దిగాలో నువ్వే చెప్పాలి.

ఇట్లు,
మీ నాన్న చినబాబు

తా.క. ఇది అమ్మ రాస్తున్నాను. మధులత వాళ్ళింటికి దసరా నుంచీ తాళమేనే. స్వెటర్ అయిపోయింది, పొద్దున్నే చలిగా ఉంటాది, జగ్గయ్యని వేసుకోమను. దిబ్బరొట్టె ముగ్గురికి కట్టాను. మీ నాన్న క్యారియర్ మీద నేను ఎక్కను, ఆయన నడిపిస్తాడు. నీ వెనకే కూర్చుంటాను. ఆ ఉతార్ దగ్గర నన్ను దింపావంటే ఊరుకోను.