రాతి కాలువలకు తెచ్చిన నీళ్లు

సాయ్‌వితె, ఆగస్టు నెలాఖరు

ఫోర్తునాతాకు, నేను క్షేమంగానే చేరాను.

మన ఊట అడుగున మిగిలిన ఆ సీసాడు నీళ్లతో నిన్న పెద్దరాయి దగ్గరికి వెళ్లాను. ఇంకా రాజుల కాలంలో దాని మీద చెక్కిన కొండలు, కప్పలు, కాలువలు అన్నీ పొడిబారి ఉన్నాయి. కాపలాదారు మంచివాడే. రాయి చుట్టూ కట్టిన తాడు ఎత్తి, "బేగి పోసెయ్ పెద్దాయనా, ఎవరైనా చూస్తే నా కొలువు పోద్ది" అన్నాడు. పక్కనున్న మనిషికి ఇవ్వకుండా మనం ఎప్పుడైనా దేవుడికి పోశామా? అలవాటు కొద్దీ ముందు అతనికే సీసా అందించాను. ఒక్క గుక్క తాగి ఇస్తాడనుకున్నాను. ఎండకు మాడిపోయి ఉన్నాడు, మొత్తం తాగేశాడు. మూతి తుడుచుకుని, "తియ్యగా ఉన్నాయి, ఏ ఊరి నీళ్లు?" అన్నాడు. నాకు కోపం కూడా రాలేదు. ఊరి పేరు చెప్పి వచ్చేశాను.

ఈ రాతి మీద పోస్తే ఎండిన ఊట మళ్లీ పడుతుందని నన్ను పంపింది మీ నాన్నే కదా, ఆయనకు మాత్రం రాతి మీదే పోశానని చెప్పు. గొర్రెలను కింద మీ అక్క వాళ్ల చేలోకి తోలించు. పెద్దాడి దగ్గు తగ్గిందా? విత్తనానికి దాచిన బంగాళాదుంపలు బయటికి తీసి పిల్లలకు ఉడికించి పెట్టు. భూమాత దీవెనతో అందరూ కడుపునిండా తినండి.

నీ నసారియో