ముట్టకుండ్రి సారూ!

కరీంనగర్, 9-8-1966

అవ్వకు, బాపుకు సరోజన వందనాలు. నేను క్షేమం, సంతోషం పట్టలేక ఈ కార్డు రాస్తున్నాను.

బాపూ, నిన్న మా కాలేజీ ల్యాబుకు, ప్రయోగాలకు కరెంటు ఇచ్చే కొత్త పవర్ సప్లై డబ్బా వచ్చింది. లెక్చరర్ సమ్మయ్య సారు స్విచ్చి వేసి, ఆ ఇనుప డబ్బా మీద చెయ్యి పెట్టబోయారు. వెనక ఎర్త్ తీగ ఊడి వేలాడుతోంది! "ముట్టకుండ్రి సారూ!" అని అరిచాను. అందరూ నవ్వారు. సారు మాత్రం ఆగి, టెస్టు బల్బు తీగను డబ్బాకు ఆనించారు. బల్బు భగ్గున వెలిగింది, డబ్బా అంతా కరెంటే! నవ్వులు ఆగిపోయాయి. మెకానిక్ లోపల డబ్బాకు తగులుతున్న తీగను సరిచేసి, ఎర్త్ బిగించాడు. తర్వాత సారు స్విచ్చి నాతోనే వేయించారు. నాబును సున్నా నుంచి మెల్లగా తిప్పితే మీటరు ముల్లు ఎంత ముద్దుగా లేచిందో!

"ఎవరు నేర్పిన్రు బిడ్డా?" అని సారు అడిగారు.

"మా బాపు. బొగ్గుబాయిల కరెంటు పని చేస్తడు."

"అయితే జర ఆయన్ను తోలుకరా. గీ పోరగాండ్లకు ఆయనే చెప్పాలె."

అవ్వా, తమ్ముని జ్వరం తగ్గిందా? అన్నంలోకి మామిడి తొక్కు పంపు. బాపూ, వచ్చే బుధవారం సెలవు పెట్టి తప్పక రా. చదువుకోలేదని సిగ్గుపడకు. ఆ రోజు పాఠం చెప్పేవారి పేరు దగ్గర సారు బోర్డు మీద నీ పేరే రాశారు.

ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాలి.

మీ బిడ్డ
సరోజన