మూడో చరణంలో ఊపిరి

ఫిబ్రవరి 11, మంగళవారం

అక్కకు,

తమ్ముడి నమస్కారాలు, బావకు కూడా. నీ ఆయాసం ఎలా ఉంది? మెట్లెక్కడం మానేశావని, పాటైతే అంతకుముందే మానేశావని బావ ఫోన్లో చెప్పాడు.

నేను బాగున్నానని రాయడానికి కూడా ఓపిక లేదు. పదిహేడో శతాబ్దపు యూరప్ పాటల పుస్తకం ప్రూఫులు దిద్దీ దిద్దీ కళ్లు లాగేస్తున్నాయి. ఈ చెమ్మకి ల్యూట్ వాద్యం మీది పేగు తీగలు శ్రుతి నిలవట్లేదు. వాయించేది పావుగంట, శ్రుతి చేసేది పూటంతా అని వెక్కిరించేదానివి. ఇప్పుడు వెక్కిరించే మనిషి కూడా లేక ఆ పని మరీ విసుగ్గా ఉంది.

అసలు సంగతి చెప్తాను. శనివారం కచేరీకి నీ బదులు ఒక కొత్తమ్మాయిని పెట్టాను. గొంతు బాగుంది, మనిషి ముక్కుసూటి. నిన్న రిహార్సల్లో ఆ పుస్తకంలోని మన విలాపగీతం అందుకున్నాం. మూడో చరణం మధ్యలో, మనం ఎప్పుడూ ఆగే చోట నా చెయ్యి ఆగింది. ఆమె ఆగలేదు. ఇక్కడ విరామం ఉందమ్మా అన్నాను. రాతప్రతి ఫోటో చూసి నేర్చుకున్నాను సార్, అందులో లేదు అంది.

పిల్లకాకికేం తెలుసులే అనుకుంటూ లైబ్రరీకి వెళ్లాను. అసలు ప్రతి ముందేసుకుని భూతద్దంతో చూశాను. విరామం లేదు. చెరిపిన గుర్తు లేదు, పురుగు తిన్న చిల్లైనా లేదు. పాట గుక్క తిప్పుకోకుండా సాగిపోయింది.

ఇంటికొచ్చి మన మొదటి రికార్డు పెట్టుకున్నాను. అందులో నువ్వు ఊపిరి కోసం ఆగావు, నేను నీ కోసం ఆగాను. అంతే. తర్వాత అది అలవాటైంది, ఆ తర్వాత సంప్రదాయమైంది. ఆనాటి గాయకులు దుఃఖాన్ని మౌనంతో చూపేవారని దాని మీద నేను ఉపన్యాసం కూడా దంచాను. నా శిష్యులు ఆగుతున్నారు, వాళ్ల శిష్యులూ ఆగుతున్నారు. తిలాపాపం తలా పిడికెడు. ఇన్నేళ్లు కొండను తవ్వి నేను పట్టిన ఎలుక ఇదన్నమాట. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. అప్పటికే నీకు ఊపిరి చాలేది కాదు. పక్కనే కూర్చున్న నేను దాన్ని సంగీతం అనుకున్నాను.

పండితుడు చేయాల్సిన పని చేశాను. పుస్తకంలో ఆ విరామం కొట్టేశాను. శనివారం ఆ అమ్మాయి ఆగకుండా పాడేస్తుంది. పోయిన కచేరీలో పాట మధ్యలో గుక్క అందక ఆగిపోయాక, నావల్ల పాట పాడవుతోంది, ఇక వేదిక ఎక్కను అన్నావు. నేను బతిమాలను, ఆ శక్తి లేదు. వచ్చి ముందు వరుసలో కూర్చుని విను, చాలు. హాలు వెనకవైపు మెట్లు లేని తలుపుంది.

ఇట్లు,
అలసిపోయిన నీ తమ్ముడు

తా.క.: పైన రెండు అబద్ధాలు రాశాను. విరామం కొట్టేయలేదు. పెన్ను పట్టుకున్నాను గానీ చెయ్యి రాలేదు. పేజీ అడుగున ఇలా రాసి ప్రెస్సుకి పంపేశాను: ఈ విరామం రాతప్రతిలో లేదు. ఇది మా అక్క ఊపిరి. వాయించేవారు తొందరపడకండి.

రెండోది, ఆ అమ్మాయి నేర్చుకుంటున్నది నీకు తోడుగా పాడే రెండో గొంతు. మొదటి గొంతుకి ఎవరినీ పెట్టలేదు, నీ కుర్చీ అలాగే ఉంది. ఎన్నిచోట్ల కావాలంటే అన్నిచోట్ల ఆగు అక్కా, నేనూ ఆగుతాను.