కుడివైపు జేబు

పూజ్యురాలైన పెద్దమ్మకి పిచ్చుక నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. ఇందులో మొదటి మాట అబద్ధం. అలవాటు కొద్దీ రాసేశాను.

ఫోన్‌లో చెబుదామంటే కుట్టుమిషన్ చప్పుడులో నీకు సగం వినపడదు. వినపడిన సగాన్ని నువ్వు గట్టిగా తిరిగి అని, దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ వినిపిస్తావు. అందుకే ఉత్తరం.

నా పరిశోధన నీకు తెలుసుగా. సైకిల్ మీద వీధులన్నీ తిరుగుతూ ప్రతి దుకాణం ముందూ ఆగి దానివైపు తల తిప్పుతాను. హెల్మెట్ మీద కెమెరా దానంతటదే ఫొటో తీస్తుంది. దారిన పోయేవాళ్ళ తలలన్నిటినీ నా ప్రోగ్రామ్ మసక చేసి, అసలు ఫొటోని చెరిపేస్తుంది. ఎవరి మొహమూ ఫొటోల్లో ఉంచుకోకూడదని మా శాఖ నిబంధన. మొహం లేకపోయినా భుజాల తీరుని బట్టి ఒక్కో మనిషికీ ఒక్కో అంకె వేస్తుంది.

పెద్దమ్మా, పదిహేడో అంకె మనిషి అరవై ఒక్క ఫొటోల్లో ఉన్నాడు! నేను ఆగిన చోటల్లా సైకిల్ ఆపుకుని, ఒక కాలు నేల మీద ఆనించి, సూటిగా నావైపే తిరిగి ఉన్నాడు. వెనక్కి తిరిగి వీధంతా వెతికితే ఎవరూ ఉండరు. సైకిల్ తీయాలంటేనే భయంగా ఉంది. ఈ నెలాఖరుకి ఆరువందల ఫొటోలు కమిటీ ముందు పెట్టకపోతే నాలుగేళ్ళ చదువు గంగపాలే.

వాడి ఫొటో ఒకటి జత చేస్తున్నాను. బొటనవేలంతే ఉంది, రంగుల్లేవు. కాస్త చూసి చెప్పు.

నీ పిచ్చుక

తా.క. కళ్ళజోడు మిషన్ సొరుగులో ఉంటుంది. లేకపోతే నీ తల మీదే ఉంటుంది.

*

చిరంజీవి పిచ్చుకకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదువుతుంటే సూది వేలికి గుచ్చుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి.

ఫొటోని భూతద్దం కింద పెట్టి చూశాను. తల మసకబారితేనేం, బట్ట అబద్ధమాడదు. వాడి చొక్కా జేబు కుడివైపుంది! ఇన్నేళ్ళలో వేల చొక్కాలు కుట్టాను గానీ ఒక్కదానికీ కుడివైపు జేబు పెట్టలేదు. పట్టుబట్టి పెట్టించుకున్నాడంటే ఎడంచేతివాటం వాడై ఉండాలి. వాచీ కూడా కుడిచేతికే ఉంది, చూసుకో.

ఇంకో మాట చెబితే భయపడతావు గానీ చెప్పక తప్పదు. భుజాలు కుంగిపోయాయి. మెడ ముందుకి వాలిపోయింది. కాలరులో ఇంకో మెడ పట్టేంత ఖాళీ ఉంది. వేళకు తిండి లేదు, కంటినిండా నిద్ర లేదు, "ఎలా ఉన్నావు" అని అడిగే దిక్కు లేదు. అలాంటివాడు దేనికైనా తెగిస్తాడు. జాగ్రత్త తల్లీ.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క. మా పోస్ట్‌మ్యాన్ కూడా ఎడంచేత్తోనే రాస్తాడని ఇవాళే గమనించాను. ఇన్నేళ్ళూ ఎంత నమ్మానో! ఈ ఉత్తరం వాడి చేతికివ్వకుండా నేనే వెళ్ళి పోస్టు డబ్బాలో వేస్తున్నాను. డబ్బా తెరిచేది కూడా వాడేననుకో.

*

పూజ్యురాలైన పెద్దమ్మకి పిచ్చుక వణుకుతూ చేసే నమస్కారాలు.

నువ్వు ధైర్యం చెబుతావని రాస్తే ఉన్న ధైర్యం కాస్తా ఊడగొట్టావు.

దారి మార్చాను. వేళ మార్చాను. అయినా ఎనభై ఎనిమిది ఫొటోల్లో ఉన్నాడు. వాడి సైకిల్‌కి గొలుసు ఎడమవైపు ఉంది పెద్దమ్మా! అలాంటి సైకిల్ నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నువ్వన్నాక నా చొక్కా చూసుకున్నాను. నా జేబు ఎడమవైపే ఉంది గానీ మిగతాదంతా అచ్చం వాడి చొక్కాయే. నన్ను చూసి అలాంటిదే కొనుక్కున్నాడేమో!

గైడ్ గారికి చెప్పాను. "మంచిదమ్మా, నీ ప్రోగ్రామ్ బాగానే పనిచేస్తోందన్నమాట" అని కాగితాల్లో తల దూర్చేశారు.

మూడు రోజులుగా గది దాటలేదు. బీరువాని తలుపుకి అడ్డంగా జరిపాను. అద్దం చూసుకుని ఎన్ని వారాలైందో. వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించి దాని మీద తువ్వాలు కప్పేశాను. బిస్కెట్లు అయిపోవచ్చాయి. ఇంకా నూట డెబ్బై ఫొటోలు మిగిలాయి.

నీ పిచ్చుక

తా.క. ఈ ఉత్తరం రాస్తున్నంతసేపూ కాళ్ళు కుర్చీ మీదే పెట్టుకున్నాను. బల్ల కింద ఏముందో ఎవరికి తెలుసు?

*

చిరంజీవి పిచ్చుకకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఏడవకు. ముల్లుని ముల్లుతోనే తీయాలి. వాడు నీ బట్టల్ని కాపీ కొడుతున్నాడు కదా, కొట్టలేని బట్ట పంపుతున్నాను.

నువ్వు చదువుకి వెళ్ళిన ఏడాది రాసిన నీ కొలతలు పుస్తకంలో ఉన్నాయి. వాటితోనే ఈ కోటు కుట్టాను. భుజాల మీద గళ్ళ పట్టీ, ఎడమ జేబుకి మూడు మూలల మూత. ఇలాంటి కోటు లోకంలో ఇంకొకటి లేదు. దీన్ని తొడుక్కుని ధైర్యంగా బయటికి వెళ్ళు. నిన్ను గుర్తుపట్టలేక వాడు తల పట్టుకోవాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క. పొట్లాం ఇస్తే పోస్ట్‌మ్యాన్ "ఎక్కడికండీ?" అని అడిగాడు. చిరునామా పైనే ఉండగా అడగడమెందుకు? "మీకెందుకు" అన్నాను. పాపం, మొహం చిన్నబుచ్చుకున్నాడు. నటన!

*

పెద్దమ్మా,

నమస్కారం తర్వాత పెడతాను.

వాడు ఆ కోటు వేసుకున్నాడు.

నిన్న పన్నెండు దుకాణాలు తిరిగితే తొమ్మిదింట్లో ఉన్నాడు. అదే గళ్ళ పట్టీ, అదే మూడు మూలల మూత, కాకపోతే కుడివైపు. పైగా కోటు వాడికి సరిపోలేదు, కొయ్యకి తగిలించినట్టు వేలాడుతోంది. ఈసారి పెద్ద ఫొటోయే పంపుతున్నాను, నువ్వే చూడు.

ఇంకొకటి లేదన్నావు. నిజం చెప్పు, రెండోది ఎవరికి కుట్టావు? పోస్ట్‌మ్యాన్‌కా?

ఫోన్ ఆపేశాను. ఇక నావల్ల కాదు. సోమవారం పొద్దున చదువు మానేస్తున్నానని గైడ్ గారికి కాగితం ఇచ్చేస్తాను. నాలుగేళ్ళు తొక్కిన సైకిల్‌ని వాచ్‌మ్యాన్‌కి ఇచ్చేస్తాను.

పిచ్చుక

తా.క. అమ్మ పోయాక నాకున్నది నువ్వొక్కదానివే. నువ్వు కూడా వాళ్ళతో కలిశావంటే నేనేమీ అనను. కోటు మాత్రం చాలా బాగుంది.

*

చిరంజీవి పిచ్చుకకి పెద్దమ్మ ఆశీస్సులు, రెండు మొట్టికాయలు.

ఆ కాగితం ఇవ్వకు. ముందు ఇది చదువు.

నీ ఉత్తరం చూసి పొద్దున్నంతా ఏడ్చాను. తర్వాత కోపమొచ్చింది. ఆ కోటు నా చేతి కోటే. జేబు మూత మూడో మూల దగ్గర దారం అయిపోతే ముడివేసి అతికించాను, ఆ ముడి కూడా ఫొటోలో కనిపిస్తోంది. నేను కుట్టింది ఒక్కటే, మరి కుడివైపుకి ఎలా వెళ్ళింది? కొలతలు చూసుకునే నిలువుటద్దం ముందుకి ఫొటో పట్టుకుని వెళ్ళాను. అద్దంలో చూస్తే జేబు ఎడమవైపుకి వచ్చేసింది. వాచీ ఎడంచేతికి వచ్చింది. సైకిల్ గొలుసు కూడా దాని చోటికి అది చేరింది.

ఒసేయ్, దుకాణాలకి ముందు ఉండేవి అద్దాలు కదే! నువ్వు తల తిప్పి చూసినప్పుడల్లా అందులో కనబడేది ఎవరే? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ పరిశోధన. నేను మాత్రం తక్కువ తిన్నానా, రోజూ అద్దం ముందే బతికేదాన్ని.

"కొనుక్కున్నాడేమో" అన్నప్పుడే అనుమానించాల్సింది. నాకు చెప్పకుండా రెడీమేడ్ చొక్కా కొన్నావన్నమాట. నేను కుట్టిందైతే మొదటిరోజే గుర్తుపట్టేదాన్ని.

నవ్వుకుందామని కూర్చున్నాను గానీ నవ్వు రాలేదు. తిండి లేనివాడు, నిద్ర లేనివాడు, అడిగే దిక్కులేనివాడు అని రాసింది నేనే కదా. కోటు వాడికి కొయ్యకి తగిలించినట్టుందని రాసింది నువ్వు. అవి నీ కొలతలే తల్లీ. నువ్వు ఇంతలా చిక్కిపోతే, భూతద్దం పెట్టి చూసి కూడా నిన్ను పోల్చుకోలేకపోయాను. అందుకు నాకు నిజంగా భయమేసింది.

దుకాణానికి తాళం వేశాను. ఆదివారం మధ్యాహ్నం బస్సు దిగుతాను. తలుపుకి అడ్డంగా పెట్టిన బీరువా తీసి ఉంచు. మిగిలిన ఫొటోలు ఇద్దరం కలిసి తీద్దాం. పదిహేడో అంకె పక్కన పద్దెనిమిది కూడా పడుతుంది, కమిటీకి చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క. 1. పోస్ట్‌మ్యాన్‌కి క్షమాపణ చెప్పి చొక్కా కుట్టి ఇస్తానన్నాను. జేబు కుడివైపు కావాలట. ఇన్నేళ్ళుగా అడగడానికి భయపడ్డాడట.

తా.క. 2. టేపు తేవడం లేదు. కోటు బిగించనుగాక బిగించను. అది సరిపోయేదాకా నువ్వే తినాలి.