ఈసారి ములప్పారి నేనే ఎత్తుతాను

కోయంబత్తూరు, 1938 మార్చి 7. పొద్దుటే చినుకులు. రాత్రే నవధాన్యాలు నానబోశాను.

అన్నా,

మీ జాబు అందింది. మన అమ్మవారి పండక్కి చిన్నకోడలే మొలకల కుండను, ములప్పారిని, పెంచి తలకెత్తాలని రాశారు. ఆ రోజే మీ మరదలు కనకానికి ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పరీక్ష. ఆమె రాదు.

"సింగింగ్ అంటే పాడేదే గదా, అందులో సదివేదానికి ఏముండాది?" అని ఆమె ఇంగ్లీషు వ్యాకరణాన్ని జాబులో ఎగతాళి చేశారు. చదివి వినిపిస్తే కనకం పొయ్యి దగ్గరే నవ్వింది.

"పాడేదనే పనికీ అదే మాట, పాడతా ఉండే ఆడదానికీ అదే మాట. ఏది ఏదో కనుక్కోవల్ల. మనింటి మాటలోకి తిప్పితే తెలిసిపోతాది. బావకి రాసేయి మామా," అంది.

రాశాను. నేను సొంతంగా నేర్చుకున్న ఇంగ్లీషే ఆమెకు చెప్పాను. ఇప్పుడు ఆపమనను.

మొక్కు మాత్రం తప్పించను. కుండ నేనే ఎత్తి ఆడవాళ్ల వరుసలో నడుస్తాను. ఊరు నవ్వితే నవ్వనివ్వండి.

మొలకలకు చీకటి కావాలి. మాకున్న ఒక్క గదిలో కనకం దీపం పెట్టుకొని చదువుతుంది. ఆ దీపం ఆర్పను. కుండను నా మంచం కింద పెట్టి గోనె కప్పుతాను.

మా మిల్లు కూత వేసింది. వెళ్లేలోపు నీళ్లు వంపి, గింజలు కుండలో చల్లాలి.