అన్న బండికి ఫోమ్ ఫిల్టర్

బుధవారం, రాత్రి

కంకర క్రషర్ దుమ్ముకు ఊపిరితిత్తులు పాడయ్యాక అన్న బండి తోలడం మానేశాడు. ఈరోజు ఆ బండి మీదే ఆయన్ను ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకెళ్లాను. తిరిగి వస్తుంటే ఇంజన్ లాగడం లేదని స్పేర్ పార్టుల కొట్టు ముందు ఆపించాడు.

కొట్టతను రెండు రకాల ఎయిర్ ఫిల్టర్లు చూపించాడు. పేపర్‌ది మురికైతే పారేయాలి. ఫోమ్‌ది కడిగి మళ్లీ వాడుకోవచ్చు. నేను పేపర్‌ది చాలన్నాను.

"ఫోమ్‌దే తీసుకోరా," అన్నాడు అన్న. కాసేపు ఆగి ఊపిరి తీసుకున్నాడు. "బాగా చూసుకుంటే శానా ఏళ్లు వస్తాది."

"కడిగేది నాకు రాదు గదన్నా."

"నేర్పిస్తాలే."

ఉదయగిరిలో ఇంటికి చేరాక అన్న అరుగు మీద కూర్చుని అంతా నా చేతే చేయించాడు. ఇన్నేళ్లలో ఆ బండికి నన్ను స్పానర్ పెట్టనిచ్చింది లేదు. పాతది విప్పించాడు, కొత్తదానికి నూనె పట్టించాడు, కడిగితే నీడలోనే ఆరబెట్టమని రెండుసార్లు చెప్పాడు.

"నువ్వుండంగా ఇదంతా నాకెందుకు?" అన్నాను.

అన్న నా వైపు చూడలేదు. "నూనె ఎక్కువైంది, పిండు," అన్నాడు.

ఈ చలికాలం గడవడం కష్టమని పోయినసారి డాక్టరు నాతో విడిగా చెప్పిన మాట ఆయన దాకా పోనీయలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను.