నా దగ్గర దొంగ మెయిళ్ళ పప్పులుడకవు

2007 ఫిబ్రవరి 16, శుక్రవారం
హోసూరు దగ్గర మా తళి ఊరి గులాబీ రైతుల్లో ఇంటర్నెట్ బ్యాంకింగ్ ఉన్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే! ప్రేమికుల రోజు పూల డబ్బు నలభై వేలు నా ఖాతాలో పడింది. సగం మా వదిన మునిలక్ష్మమ్మది. ఆ డబ్బుతో ఆమె బోరుకు మోటారు కొనాలి. బ్యాంకుల పేరుతో దొంగ మెయిళ్ళు వస్తున్నాయట. నా తీర్మానం: మోసపోను. గుర్తులు: తప్పుల ఇంగ్లీషు, తొందరపెట్టడం, పాస్‌వర్డ్ అడగడం.

ఫిబ్రవరి 17
ఉ. 10:05. హోసూరు బ్రౌజింగ్ సెంటర్. తప్పుల ఇంగ్లీషులో ఒక మెయిలు. దొంగది! తుడిచేశాను. సెంటర్ నడిపే వీరప్పకు అరగంట పాఠం చెప్పాను.
"గంటకు ఇరవై రూపాయలప్పా. మాట్లాడినా అంతే" అన్నాడు. కృతజ్ఞత లేని మనిషి.

ఫిబ్రవరి 19
బ్యాంకుకు వెళ్ళాను. నేను తుడిచింది అసలుదేనట! ఆ తప్పులు వాళ్ళ సొంతమట.
"ప్రతిదానికీ ఈడికి రావద్దప్పా" అన్నాడు మేనేజరు. సరే, రాను.

ఫిబ్రవరి 21
11:15. ఇంకో మెయిలు. 24 గంటల్లో పాస్‌వర్డ్ పంపకపోతే ఖాతా మూసేస్తారట. దొంగే! కానీ ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. అయినా మా ఊళ్ళో మనిషిని ఎదురుగా అడగకుండా దొంగ అనం. పంచాయితీలో కూడా ముందు అతన్నే అడుగుతాం. అందుకే ఆ మెయిలుకే జవాబు రాశాను: "అయ్యా, మీరు నిజంగా బ్యాంకువారేనా?"
11:22. "అవును సార్, నిజంగానే." ఏడు నిమిషాల్లో! ఎంత మర్యాద!
11:25. పాస్‌వర్డ్ పంపాను. విచారించాకే సుమా!

ఫిబ్రవరి 22
ఖాతాలో మిగిలింది నూట పన్నెండు రూపాయలు. బ్యాంకువాళ్ళు పోలీసుల దగ్గరికి పొమ్మన్నారు. పోలీసులు బ్యాంకుకు పొమ్మన్నారు. నేను మోసపోలేదు. విచారణలో చిన్న పొరపాటు జరిగింది.

ఫిబ్రవరి 24
వదినకు చెప్పక తప్పలేదు. చదువు రాని మనిషి. తిట్టలేదు.
"బ్యాంకు కౌంటరు ముందర గంట నిలబడినా తలెత్తి చూడనోడు, వాడే నిన్ను ఎతుక్కుంటా వచ్చినాడంటే అనుమానం రాలేదా అప్పా?" అంది. తర్వాత "మోటారు లేకుంటే ఏమిలే, చెట్లకు బిందెలతో నీళ్ళు పోస్తాను" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫిబ్రవరి 26
తీర్మానం మళ్ళీ మొదలు! ఇక ప్రతి మెయిలూ అచ్చు తీసి వదినకు తెలుగులో చదివి వినిపిస్తాను. ఇవాళ మూడు వినిపించాను. బిందె దించకుండానే "దొంగ, దొంగ, దొంగ" అంది. నాలుగో కాగితం నేను ఆమెకు రాసిన హామీ: వేసవి లోపల మీ ఇరవై వేలు తప్పకుండా తిరిగి ఇస్తాను, ఇట్లు ఆనంద్.
అంతా విని, "ఇదీ దొంగదే అప్పా" అంది.